చెక్కుబందీ

రిజిస్ట్రాఫీసు ముందర రేకుల షెడ్డులో
పదకొండేండ్లు, పరుల కంప్యూటర్ మీద
పరుల ఇండ్లకు దస్తావేజులు కొట్టినాను.
తూర్పున రాస్తా, పడమర నాగేంద్రప్ప ఖాళీ స్థలం,
ఉత్తరాన మురుగు కాలవ, దక్షిణాన ఉమ్మడి గోడ.
ఈ యేడు నాకంటూ ఒకటి కూడబెట్టుకున్నాను.
చీటీ ఎత్తిన దుడ్డుతో
పెట్టె ఒక నెల, బోర్డు ఒక నెల.
ర్యామ్ మాత్రం బళ్లారి నుంచి
బస్సు డ్రైవర్ సీటు పక్కన కూచోని వచ్చింది.

ఆదివారం. ఆదోనిలో కరెంటు ఉన్న ఆదివారం.
బండల మీద దుప్పటి పరిచి
గాజులు తీసి గూట్లో పెట్టి
ఒక్కొక్కటే బిగించేసరికి దీపాల పొద్దయింది.
మీట నొక్కినాను.
ఫ్యాను అర చుట్టు తిరిగింది.
అంతే.
మల్లా నొక్కినాను. మల్లా అర చుట్టు.

ఏం తక్కువైందో వెతకడం నాకు అలవాటు.
సాక్షి సంతకం తక్కువై, వేలిముద్ర తక్కువై,
పాసుబుక్కులో తాత పేరుకు ఒక దీర్ఘం తక్కువై
ఎన్ని కాగితాలు వాపసొచ్చినాయో నాకు తెలుసు.
తీగలన్నీ పీకి మల్లా గుచ్చినా.
ఉరుకుందు బొమ్మల రబ్బరు అడుక్కొని
ర్యామ్ పండ్లు తోమినా.
గుండీ బిళ్ల తీసి, వంద లెక్కబెట్టి, మల్లా పెట్టినా.
ప్రాసెసర్‌కు పోయే ఎనిమిది కండ్ల తీగను
గట్టిగా కూచున్నావా అని వేలితో అడిగినా.
కూచుంది. అన్నీ కూచున్నాయి.
లేయాల్సిందే లేయలేదు.

మౌలాలి మామ వచ్చినాడు,
బోరు మోటార్లు చుట్టే మనిషి, చొక్కా నిండా వార్నీషు వాసన.
"దీంట్ల నాకు అచ్చరం ముక్క తెల్దు పాపా" అంటూనే
అంతా తెలిసినోని మాదిరి గొంతుకూర్చున్నాడు.
"మోటారు ట్రిప్పయితే నేనేం జేస్తా?
బోర్లోంచి పైకి గుంజుతా. పంపు ఇడదీస్తా.
ఒట్టి మోటార్ని నేల మీద పెట్టి సూస్తా.
లోపల తిరగంది బయట తిరుగుతాదేమో సూడరాదా?"

బోర్డును ఊడదీసి
కుట్టు మిషను వచ్చిన అట్ట మీద పడుకోబెట్టినాం.
మీట లేదు గదా, రెండు సూదుల్ని
స్క్రూడ్రైవర్ మొనతో కలిపినా, ఊపిరి బిగబట్టి.

తిరిగింది.
రెక్కలు కండ్లకు ఆననంతగా తిరిగింది.
తెర మీద తెల్లని అక్షరాలు బిలబిలా వచ్చినాయి.
మామ "యా అల్లా" అన్నాడు.
ఉరుకుందు ఏమీ అనలేదు, నోట్లో బొరుగులున్నాయి.

పెట్టెలో పెడితే మల్లా చచ్చింది.

అప్పుడు చదివినా ఖాళీ పెట్టెను,
దస్తావేజు చదివినట్టు, వేలు పెట్టి.
బోర్డుకు బొక్కలు ఎనిమిది.
పెట్టెలో ఇత్తడి గుంజలు తొమ్మిది.
ఆ తొమ్మిదోది, ఏ హద్దులోనూ లేనిది,
బోర్డు వీపున టంకం బొట్టును పొడుస్తా నిలబడింది.

దాన్ని బిగించింది ఎవరు? నేనే.
ఒకటి మిగిలింది, పారేయడమెందుకు,
బలంగా ఉంటుందిలే అని.
మా ఇంట్లో మిగిలిందాన్ని పారేసిన చరిత్ర లేదు.
నాలుగు రోజులకొకసారి కొళాయి వచ్చే ఊర్లో
ఎక్కువైంది ఒకటి అడ్డం పడుతుందని
యాడ తోస్తుంది మనిషికి?

పటకారుతో నాలుగు చుట్లు తిప్పితే వచ్చేసింది.
చింతగింజంత. ఇంకా చల్లగానే ఉంది, ఏమీ ఎరగనట్టు.

విండోస్ ఎక్కేసరికి పన్నెండు దాటింది,
తెలుగు ఫాంటు ఎక్కేసరికి ఒంటిగంట.
మొదటి కాగితం కొట్టినా, స్టాంపు లేకుండా, ఎవరికీ కాకుండా:
తూర్పున అటక నిచ్చెన,
పడమర కుట్టు మిషను,
ఉత్తరాన నిద్రపోయిన ఉరుకుందు కాళ్లు,
దక్షిణాన మౌలాలి మామ తాగి పెట్టిన టీ గ్లాసు.
ఈ నడుమ ఉన్నది
నా స్వార్జితం.

గుంజ మాత్రం పారేయలేదు.
గాజుల పక్కన, గూట్లో ఉంది.