గాలి మెట్టు

గాలిని తరమడమే నా పని.
గాజునార పరిచి, రెజిన్ పూసి
రోలరుతో నొక్కుతూ నొక్కుతూ
తెల్లటి బుడగల్ని ఒక్కొక్కటే అంచుకు తోలి చంపుతాను.
ఆవగింజంత గాలి లోపల మిగిలితే చాలు,
ఏ తుపాను రోజునో పడవ అక్కడే విచ్చుకుంటుంది.
ఇరవై ఆరేళ్ళుగా
బందరువానిపేట ఇసకలో బోర్లా పడుకున్న పడవల్లో
సగం నేను గాలి తీసినవే.

అలాంటి నా దగ్గరికి కుందు రాజులమ్మ వచ్చి
పడవ కింద గాలి పెట్టమంది.

"ఏటప్పా, మతుండే అంటన్నావా?"
"నీళ్ళు నా పడవని ఒగ్గట్నేదురా.
ఎల్లి రావడానికి ఇరవైరెండు లీటర్లు.
మావోళ్ళు సేపలు నాకు తెత్తన్నారో
బంకోడికి తెత్తన్నారో తెల్దు."

వెరావల్ నుంచి సెలవుకొచ్చిన ఆమె మేనల్లుడు
తడి ఇసకలో బొటనవేలితో బొమ్మ గీశాడు.
అడుగున అడ్డంగా ఒక మెట్టు,
మెట్టు వెనక ఖాళీ,
ఖాళీలోకి పైనుంచి రెండు గొట్టాలు.
అల వచ్చి తుడిచేసింది. మళ్ళీ గీశాడు.
పడవ పరిగెత్తితే ఆ ఖాళీయే గాలిని పీల్చుకుంటుందట,
పంపు అక్కర్లేదట.

నీళ్ళ సంగతి నాకు అప్పుడు అర్థమైంది.
గార సెంటర్లో బస్సెక్కబోతుంటే
చొక్కా పట్టుకుని కబుర్లు చెప్పే మనిషి లాంటివి.
కోపమేం ఉండదు. వదలవు, అంతే.
మధ్యలో ఎవరో ఒకరు దూరాలి.

నేను పోసిన అడుగును నేనే కోశాను.
రెండు వేళ్ళ ఎత్తు మెట్టు.
గాజు దుమ్ము గొంతులోకి పోయి తెల్లవార్లూ దగ్గు.
శ్రీకాకుళం డాక్టరు పోయినేడే ఫిల్మ్ ఎత్తి చూపించాడు,
"ఇదుగో, ఇక్కడ గాలి ఆడట్లేదు" అని.
ఆ మాట రాజులమ్మకు చెప్పలేదు.

మొదటిరోజు వంశధార మొగ దగ్గర
ఇంజను కేకపెట్టింది.
పంకా నీళ్ళు దొరక్క నురగ నమిలింది.
పొగే తప్ప పడవ కదల్లేదు.
ఒడ్డున నవ్వని వాడు లేడు.
రాజులమ్మ నవ్వలేదు.
"గాలికి దారి సూపించినావా,
ఒట్టినే రమ్మన్నావా?"

ఆ రాత్రి నిద్రపట్టలేదు.
మా తాత చేను గట్టు గుర్తొచ్చింది.
నీరు వద్దన్న చోటికి పోకుండా
మోకాళ్ళ మీద కూచుని మట్టి పెట్టేవాడు.
తెల్లారి లేచి అడుగున రెండు సన్న పట్టీలు అతికించాను,
గాలి నడుమ నుంచి రెండు పక్కలకీ జారి
పంకాను తప్పించుకు పోయేటట్టు.
నీళ్ళల్లో గాలికి గట్లు వేసినవాణ్ని
మా వాడలో నేనే అనుకుంటా.

రెండోసారి
పడవ నడుం ఎత్తింది.
అడుగున దబదబ మోత ఆగి
కొత్త పంచె చింపినట్టు ఒకటే సన్నని చప్పుడు.
వెనక తెల్లటి తోవ, దాన్లో నా గాలి.

తిరిగొచ్చాక రాజులమ్మ ట్యాంకులో కొలపుల్ల ముంచింది,
కొంగుతో తుడిచి మళ్ళీ ముంచింది.
"రెండున్నర మిగిలింది."
"మూడు" అన్నాను.
"రెండున్నరే."

అబద్ధం ఎందుకు, నిండు వలతో వచ్చేరోజు
మిగిలేది ఏమీ ఉండదు.
పడవ బరువుగా, మెల్లగా వస్తుంది,
గాలి పిలిచినా రాదు.
ఆ రోజు ఎవరూ కొలపుల్ల అడగరు కూడా.

రోలరు మానలేదు నేను.
గోడలో గాలి ఉండకూడదు, గోడ కింద ఉండాలి.
ఈ ముక్క చెబితే కుర్రాళ్ళు ఎగాదిగా చూస్తారు.

సాయంత్రం పడవ ఒడ్డెక్కాక
సముద్రం మీది గాలి ఆ గొట్టాల్లో దూరి
ఊఁ అంటుంది, ఎవరో కథ వింటున్నట్టు.
నిన్న మాత్రం ఒక గొట్టం పలకలేదు.
తీగ పెట్టి పొడిస్తే
ఎర్ర పీత ఒకటి బయటికొచ్చి
నా వైపు కొండి ఎత్తి, కాసేపు నిలబడి,
అడ్డంగా వెళ్ళిపోయింది.