పొట్టి రాడ్డు

పెద్ద గేరు రాడ్డు పక్కన
ముడుచుకు పడుకున్న ముసలి పిల్లిలా ఇంకోటి.
ఆరేళ్ళుగా ఈ ఆసుపత్రి బండిలో పక్క సీటు నాది,
టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని.
దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు.
గుండు మీద అక్షరాలు లేవు.
న్తాతె రాపిత్సో అరచెయ్యి
ఇరవై ఎనిమిది చలికాలాల్లో వాటిని తినేసింది.

ఇప్పుడాయన కళ్ళల్లో పాలపొర.
పోయిన వారం గొర్రెల మందని చూసి మంచనుకున్నాడు.
అందుకే ఇవాళ తాళాలు నాకు.
దుప్పటి కప్పుకుని నా సీట్లో ఆయన,
పెట్టె ఆయన ఒళ్ళో.

కనుమ మొదట్లో అన్నాడు:
"ఆపు లినేయో. పూర్తిగా ఆపు.
పరిగెత్తేవాడి చెప్పులు ఎవరూ మార్చలేరు."

క్లచ్ అదిమి పొట్టి రాడ్డు లాగాను.
బండి పళ్ళు నూరింది.
మా పెద్దమ్మ నిద్రలో చేసే చప్పుడే.
మళ్ళీ లాగాను.
మళ్ళీ నూరింది.
బయట అద్దం మీద మంచు, నా చంకల్లో చెమట.

"బలం కాదమ్మా. దారి మధ్యలో ఒక ఊరుంది,
ఏ చక్రానికీ ఏ పనీ చెప్పని ఊరు.
అక్కడ దిగు. ఊపిరి పీల్చుకో.
అప్పుడు అవతలికి వెళ్ళు."

క్లచ్ వదిలి, మళ్ళీ తొక్కి,
బండిని జానెడు దొర్లనిచ్చాను.
కాళ్ళ కింద ఎక్కడో
గుండీ కాజాలో పడ్డట్టు
టక్.

నవ్వు ఆపుకోలేకపోయాను. మొదటి గేరు వేశాను.
వెనక చక్రాలు బురద చిమ్ముతున్నాయి,
ముందువి తమకి సంబంధం లేనట్టు
చూస్తూ నిలబడ్డాయి.
ఆయన ఏమీ అనలేదు.
తనకి కనిపించని లోయకేసి తిరిగి కూర్చున్నాడు.
ఆ మౌనం నాకు తెలుసు.
కాన్పు గదిలో కొత్త నర్సు చెయ్యి తడబడినప్పుడు
నేను పట్టే మౌనమే అది.

బిళ్ళలు!
దిగాను. గాలి చెవులు కోస్తోంది.
ముందు చక్రాల నడుమ ఉండే ఇనుప బిళ్ళలు,
చేత్తో తిప్పితే గాని కలవవు.
ఎడమది తిరిగింది.
కుడిది గడ్డకట్టుకుపోయింది.
ఊదాను, తిట్టాను, దుప్పటి కొంగుతో మెలితిప్పాను,
చివరికి ఫ్లాస్కులో మిగిలిన టీ అంతా
దాని ముఖాన పోశాను.
తిరిగింది.

ఇక బండి ఎక్కలేదు, నడిచింది.
నాలుగు కాళ్ళతో, ప్రతి రాయినీ ఆచితూచి,
గొంతులో సన్నగా ఏదో గొణుక్కుంటూ.
గుర్రం మీద ఒక కుర్రాడు మమ్మల్ని దాటిపోతూ
జాలిగా టోపీ ఎత్తాడు.
"పోనీ" అన్నాడు రాపిత్సో,
"పల్లంలో వాడి గుర్రమూ ఇలాగే దిగాలి."

పల్లం వచ్చింది.
"కాళ్ళు తీసెయ్. రెండూ."
"బ్రేకో?"
"తొక్కితే చక్రాలు ఆగుతాయి. బండి ఆగదు."
నా కుడికాలికి ఈ మాట ఎలా చెప్పను?
పుట్టినప్పటినుంచీ అది భయం వేస్తే తొక్కడమే నేర్చింది.
ఎడమకాలితో దాన్ని అదిమిపట్టాను.
ఒక మలుపు, రెండో మలుపు, అంచున పొగమంచు.
ఇంజను మమ్మల్ని
నిండుకుండ దించినట్టు దించింది.

కింద గట్టిరోడ్డు.
పొట్టి రాడ్డు ఎంత లాగినా రాదు.
"రాదు. లోపల మెలిపడింది" అన్నాడు.
"మూడడుగులు వెనక్కి పోనీ."
పోనిచ్చాను.
తనంతట తనే వదిలి
నా అరచేతిలోకి వచ్చింది.

హా ఫాలిమాలో గోడవార తల్లులు,
వీపున దుప్పట్లలో పిల్లలు, చిన్న చిన్న దగ్గులు.
పెట్టె లోపలికి చేర్చి నేను వచ్చేసరికి
రాపిత్సో ముందు చక్రం దగ్గర వంగి
నేను తిప్పి వదిలిన బిళ్ళని వేళ్ళతో తడుముతున్నాడు.
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని
కాసేపు ఆలోచించాడు.

"చక్కెర ఎక్కువ వేశావు" అన్నాడు.