పద్దెనిమిది కిలోలు

ఈ గదిలో మాట ఈ గది దాటకూడదు.
తొలి వాయిదానాడే నేను అందరికీ చెప్పే మాట.
అందుకని లోపల వాళ్లేమన్నారో చెప్పను.
ఆమెను కాశింబీ అనుకోండి,
అతన్ని లాలెప్ప అనుకోండి,
ఊరు ఆదోని దగ్గర ఏదో ఒకటి.

కర్నూలు కోర్టులో మేడమెట్లు ఎక్కగానే ఎడమచేతి గది.
బోను లేదు. బల్ల గుండ్రంగా ఉంటుంది,
తలాపు లేదు, కాళ్లదిక్కు లేదు.
కింది హాల్లోంచి మనోవర్తి కేసు
జడ్జిగారి ఒక్క వాక్యంతో పైకొచ్చింది:
మాట్లాడుకుని రండి.
ఏడాదిన్నరగా వకీళ్లే మాట్లాడుతుంటే
ఈ ఇద్దరికీ తమ గొంతు తమకే కొత్త.

మొదటి వాయిదాకు కుర్చీలు చెరో గోడకు ఆనుకున్నాయి.
రెండోదానికి అతని అన్న, ఆమె మేనమామ,
ఇంకెవరో తెల్లచొక్కా పెద్దమనిషి.
ఊళ్లో పంచాయితీ చేసి చెడగొట్టినవాళ్లే
మళ్లీ చేయడానికి వచ్చారు.
టీ తాగి రండని కిందికి పంపాను.
టీకొట్టు దగ్గర వాళ్లలో వాళ్లే పోట్లాడుకున్నారని
అటెండరు వచ్చి చెప్పాడు.

మూడోదానికి ఫ్యాను చప్పుడొక్కటే.
నేనూ ఊరికే ఉన్నాను.
ఇరవయ్యేళ్లు వాదించిన నోటికి
ఊరికే ఉండడం నేర్పడానికి
నలభై గంటల శిక్షణ చాలలేదు.

నాలుగోనాడు డబ్బు తెగింది.
నెలకెంత, ఏ తారీకు, బడి ఫీజు ఎవరిది.
పాప ఏ ఆదివారం ఎవరింట్లో,
పీర్ల పండగ రాత్రి గుండం చూడ్డానికి
ఎవరి భుజం ఎక్కాలి, అదీ తెగింది.
పరుపు దగ్గర ఆగింది.

దూదేకే ఇల్లు వాళ్లది.
పెళ్లికి అతను తన చేత్తో ఏకి కుట్టిన పరుపు,
నీలం చారల గుడ్డ.
దానికి ధర ఏ కాగితంలోనూ లేదు,
ఫోము పరుపులొచ్చాక బజారూ కట్టదు.

ఒక్కమాట వరండాలో అన్నారు,
గది బయట కాబట్టి చెప్పొచ్చు.
"ఏకింది నేను" అన్నాడు.
"తొమ్మిదేండ్లు ఎండకేసి, కొట్టి, ఎత్తిపెట్టింది ఎవురు?" అంది.
కాసేపటికి, గొంతు తగ్గించి,
"నడిమధ్య గడ్డకట్టింది. పండుకుంటే పొడుస్తాంది."
అతను తలెత్తి ఆమెను చూశాడు.
ఏకేవాడి చూపు అది.
"యాడ?"
ఆమె గాలిలో అరచెయ్యి ఆనించి చూపింది,
సరిగ్గా ఇద్దరి మధ్య పడుండే చోటు.
"తడి తగిలింటాది. ఏకితే ఇడిపోతాది.
దూదికి ముసలితనం రాదు."

కలిసిపోయారంటే మీకు బాగుంటుంది.
కలవలేదు.
ఒప్పందంలో పదకొండో షరతు ఇట్లా ఉంది:
పరుపు విప్పాలి, దూది మళ్లీ ఏకాలి,
పాపకు రెండు చిన్న పరుపులు కుట్టాలి,
ఒకటి ఈ ఇంట్లో, ఒకటి ఆ ఇంట్లో.
కూలి అతను అడగడు, గుడ్డ ఆమె కొంటుంది.

టైపిస్టు తలెత్తాడు:
"మేడం, పరుపు అని కొట్టాలా, దూది అని కొట్టాలా?"
"దూది" అన్నారు ఇద్దరూ.
"ఎన్ని కిలోలు?"
"పద్దెనిమిది" అన్నాడతను, ఆలోచించకుండానే.
"పదిహేడు. ఒక కిలో పాప పుట్టిన దినం
దిండుకు తీసినావు, మర్సిపోయినావా?"

టైపిస్టు వేలు గాల్లో ఆగింది.
నా నివేదికలో రెండే గళ్లు:
కుదిరింది, కుదరలేదు.
కలం మూత పెట్టి
మళ్లీ కూర్చున్నాను.