పనస బల్ల

"టేకు కాకపోతే మరేటండి, ముట్టుకు సూడండి" అన్నాడు
గంటస్తంభం వెనక పాతసామాన్ల పైడిరాజు.
ఎనిమిదొందలు. రిక్షా బాడుగ నాదే.

ఆకుపచ్చ ఎనామిల్ కింద ఇటుకరంగు,
దాని కింద ఎవరిదో లక్క.
గరుకు కాగితం అరిగేకొద్దీ
ఆరేసిన బట్టల మీద, కనురెప్పల మీద పొట్టు.
"చారులో బల్లి పడ్డం విన్నాను గానీ
బల్ల పడ్డం ఇదే చూడ్డం" అన్నాడు మా ఆయన.

మూడో ఆదివారం బయటపడింది:
టేకు కాదు, పనస.
తొన వలిచినట్టు పసుపు.
కోపం రావాలి. రాలేదు.

మూలగా మేకుతో గీసిన లెక్క ఒకటి –
పదిహేడెనిమిదులు నూట ఇరవయ్యారు.
ఎవరి కూలో, ఎవరి బాకీయో
పది తక్కువ.

లెక్కల టీచర్ని కదా, ఊరుకోలేక
రుద్దాను, రుద్దాను.
భుజం పట్టేసింది,
పది మాత్రం దొరకలేదు.

స్పిరిట్లో నానిన లక్కని
పాత వాయిల్ చీర పేలికతో
ఆరు పూతలు పట్టించాను.
బల్లంతటికీ ముందుగా
ఆ తప్పే మెరిసింది.

ఇప్పుడు ఎనిమిదో తరగతి పేపర్లు
దాని మీదే దిద్దుతున్నాను,
ఎర్ర పెన్ను చేతిలో,
మోచెయ్యి సరిగ్గా
నూట ఇరవయ్యారు మీద.