నూట పద్నాలుగు మెట్లు

చిట్టినగర్ సొరంగం పక్క కొండ మీద
మా ఇంటికి నూట పద్నాలుగు మెట్లు.
రోజూ ఎనిమిదీ నలభైకి
ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని
కిందికి దిగుతాను.
మలుపు దగ్గర కొట్లో ఒక్క టీ, నిలబడే.
మళ్ళీ మెట్లెక్కి
మా ఇంటికే వస్తాను,
ఆఫీసుకి.

మొదట్లో ఇలా లేదు.
పళ్ళు తోమకుండానే గుడ్ మార్నింగ్,
మంచమే బల్ల, దిండే కుర్చీ,
కెమెరాకి కనబడే కాడికి చొక్కా, కింద లుంగీ.
సగం ఉద్యోగిని,
సగం ఆదివారాన్ని.

నా పని ఏమిటంటే
పేరు పలకడం రాని ఊళ్ళో
ఎవరికో విరిగిన కాలికి
ఆసుపత్రి బిల్లు మీద ఒక కోడు వేయడం.
రోజుకి నూట ఇరవై బిల్లులు.
మధ్యాహ్నానికి పదకొండయ్యేవి.
మిగతావన్నీ రాత్రి నిద్రలోంచి కోసుకునేవాణ్ణి.

సువార్త పొద్దున్నే డ్యూటీకెళ్ళిపోయేది.
ఆ తర్వాత ప్రతి తలుపు చప్పుడుకీ ఒకటే మాట:
"ఇంట్లోనేగా ఉంటావు!"
ఎదురింటి కొరియర్‌కి సంతకం నాదే,
నాలుగిళ్ళ తాళంచెవులు మా మేకుకే,
పదకొండింటికి కుళాయి దగ్గడం మొదలెడితే
ఆరిళ్ళ బిందెలు వరసలో జరిపేదీ నేనే.
"వెనక ఏంటా చప్పుడు?" అన్నాడోసారి మేనేజరు.
జలపాతం అన్నాను.
నమ్మాడనుకుంటా.

పై ఇంట్లో ఖైరున్నీసా ఆపా
ఇరవై ఆరేళ్ళుగా జాకెట్లు కుడుతుంది.
వర్క్ ఫ్రమ్ హోమ్ అనే మాట ఆమెకి తెలీదు,
మిషను కిటికీ పక్కనుంది, అంతే.
ఓ సాయంత్రం నా బిందెల లెక్క చూసి నవ్వి
"మెడలో టేపుంటే నేను షాపులో ఉన్నట్టు.
మా ఆయన అన్నమడిగినా అప్పుడు గిరాకీయే,
కూచోమంటా.
టేపు తీసి మేకుకేస్తే ఇంటికొచ్చినట్టు" అంది.
ఇంకేం చెప్పలేదు.
నోట్లో గుండుసూదులు పెట్టుకుంది.

నాకు టేపు లేదు.
మెట్లున్నాయి.

మొదటి రోజు టీకొట్టతను అడిగాడు
"ఏం సార్, ఏదన్నా మర్చిపోయారా, వెనక్కెళ్తున్నారు?"
ఇప్పుడు తనే తరుముతాడు,
"తొమ్మిదవుతోంది, ఎక్కండెక్కండి."

తాళంచెవులు ఎవరివి వాళ్ళకిచ్చేశాను.
ఇద్దరు అలిగారు, ఒకరింకా మాట్లాడరు.
ఫోను బియ్యం డబ్బాలో.
సువార్త క్యారేజీ పక్కన నాదీ ఒకటి సర్దుకుంటాను.
ఒంటిగంటకి అదే గట్టు మీద మూత తీస్తే
పొద్దున నేనే పెట్టుకున్న దొండకాయ కూర
ఎవరో ప్రేమగా పెట్టి పంపినట్టుంటుంది.

అన్ని రోజులూ నావి కావు.
రోహిణి ఎండకి రేకు కింద
రెండింటికి బెజవాడంతా పెనం మీద అట్టు.
నుదురు వెళ్ళి కీబోర్డు మీద వాలితే
ఎవరి మోకాలికో
మూడు వరసల సున్నాలు పడ్డాయి.
మొన్న తుఫానుకి మెట్లన్నీ వాగు,
గొడుగేసుకుని ఒక్క మెట్టు దిగి
ఒక్క మెట్టే ఎక్కాను.
ఆ రోజు బిల్లులూ అలాగే అయ్యాయి.

ఆరింటికి మూత వేస్తాను.
చెప్పులేసుకుని మళ్ళీ దిగుతాను.
సువార్త ఆటో దిగుతుంది, చేతిలో తోటకూర కట్ట.
"ఇప్పుడే వస్తున్నావా?" అంటుంది, పెదవి బిగించి.
"ఇప్పుడే" అంటాను.
సంచీ నేను పట్టుకుంటాను.
ఎనభయ్యో మెట్టు దగ్గర ఇద్దరం ఆగుతాం,
కింద స్టేషన్లో ఏదో బండి
కూత పెట్టి కదలకుండా నిలబడి ఉంటుంది.

పైన కిటికీలో లైటు.
రంజాను ముందు రోజులు,
ఆపా మెడలో ఇంకా టేపు వేలాడుతోంది.
మేం పలకరించకుండా
చెప్పులు చేతిలోకి తీసుకుని
మా గుమ్మంలోకి వచ్చేశాం.