పది శాతం కలిపి

మార్చి వచ్చిందంటె నాకు ఇండెంటు పని.
వచ్చే యేడు ఈ దవాఖానకు ఏమేం గావాల్నో
ఈ యేడే రాసియ్యాలె.
దూది ఎన్ని కట్టలు, సెలైన్ సెట్లు ఎన్ని వేలు,
కుక్కకాటు మందు ఎన్ని సీసలు.
వరంగల్ల ఎన్ని కుక్కలు ఎందర్ని కరుస్తయో
నాకేం ఎరుక?
పోయినేడు లెక్క దీసి పది శాతం కలుపుత.
అందరూ గట్లనే కలుపుతరు.

నలభై రెండో వరుస: తెల్లగుడ్డ, మార్చురీకి,
మనిషికి రెండున్నర మీటర్లు.
కొత్తల ఆ వరుస కాడ నా పెన్ను ఆగేది.
స్టోర్ కీపర్ యాకూబ్ సాబ్ నవ్వి
"రాయమ్మా, నువ్ రాస్తె చస్తరా,
రాయకుంటె బతుకుతరా" అన్నడు.
రాసిన.
పది శాతం కలిపి.

ఇరవై తొమ్మిదేండ్లు
టెండరు పెట్టె తాళంచెవి నా కొంగుకే ఉన్నది.
కవరు మీది లక్క పగిలితె
పల్లికాయ ఒలిచిన చప్పుడు.
దసరాకు టేబుల్ మీద వాలిన మిఠాయి డబ్బలు
అటెండర్ చంద్రకళతోని వాపస్ పంపిన.
ఒక్కసారి ఒక గోడ గడియారం మాత్రం ఉంచుకున్న.
అది మా ఇంట్ల
ఇప్పటికీ ఐదు నిమిషాలు వెనుకనే నడుస్తది.

కొత్తవాడ ఆడెపు రాజమొగిలి
ప్రతి యేడు ఒక కవరు వేసేటోడు,
ప్రతి యేడు ఓడిపోయేటోడు.
ఓసారి మూడు రూపాల నలభై పైసలకు,
ఓసారి రెండు రూపాలకు.
గెలిచిన షోలాపూర్ గుడ్డ
కిటికీకి అడ్డం పడితె అవతలి మనిషి కనవడేది.
రాజమొగిలి గుడ్డ వేళ్ల మీద బరువుగ కూసునేది.
"చేత్తోని చూడున్రి మేడం" అనేటోడు.
చూసేదాన్ని.
ఫారంల ధరకు గడి ఉన్నది,
చేతికి గడి లేదు.
షోలాపూర్‌కే సంతకం పెట్టేదాన్ని.

ఆ యేడు మే నెల.
నేను కలిపిన పది శాతం
పదకొండు రోజులల్ల అయిపోయింది.
లారీ ఏడనో ఆగింది, కంపెనోళ్లు ఫోను ఎత్తరు.
యాకూబ్ సాబ్ మాట్లాడకుంట బీరువా తెరిచి చూపెట్టిండు.
ఖాళీ బీరువాకు గూడ
ఒక వాసన ఉంటదని అప్పుడెర్కయింది.

రాత్రి పదింటికి ఫోన్ చేసిన.
"రాజమొగిలీ, గుడ్డ ఉన్నదా?"
ఎందుకని అతను అడగలే.
ఎంతకని నేను అడగలే.

తెల్లారెటాలకు ఆటో వచ్చింది,
నాలుగు వందల ముక్కలు,
కొలిచి, కత్తిరించి, మడతవెట్టి,
నాలుగు దిక్కుల అంచు కుట్టి.
కండ్లు ఎర్రగున్నయి ఇంటిల్లిపాదికి.
"అంచెందుకు కుట్టిన్రు?" అన్న.
"పోగులు ఊడుతయి గద మేడం" అన్నడు.
ఇంకేం అనలే.
చలాన్ రాసిచ్చి ఆటో ఎక్కిండు.

తర్వాత సంవత్సరం ఆడిట్ వచ్చింది.
కొటేషన్లు లేకుండ, ఎక్కువ ధరకు,
ఎవరి అనుమతితోని కొన్నరని అడిగింది.
జవాబు ఎన్నిసార్లు రాసి చింపిన్నో.
ఆఖరికి మూడు ముక్కలు రాసిన:
సరుకు అందినది. వాడబడినది. మిగులు లేదు.
ఆ పేరా ఇంకా తేలలే.
నా పించను కాగితాలల్ల దానికి ఒక పిన్ను గుచ్చి ఉన్నది.

రేపు నా రిటైర్మెంటు.
శాలువకు గూడ మూడు కొటేషన్లు దీసిన్రని
చంద్రకళ నవ్వుతది.
ఆఖరి ఇండెంటు ముందలేసుకున్న.
దూదికి కలిపిన. సూదులకు కలిపిన.
కుక్కలకు గూడ కలిపిన.
నలభై రెండో వరుస కాడ
పోయినేడు అంకె ఉన్నదున్నట్టు దించిన.
కలపలే.

తప్పే.
నా కుర్చీలకు వచ్చే పిలగాడు
కంప్యూటర్ల చూసి దిద్దుకుంటడు.
దిద్దుకోనీ.