తెల్లగీత

యాహాట్స్ దాటాక
నూటొకటో నంబరు రోడ్డంచు మూరెడే.
కుడిపక్కంతా సముద్రమట!
నాకు తెల్లగీతే తెలుసు:
దానిమీద గాజుపెంకులు, ఒంటి చేతితొడుగు,
ఎవరి బిడ్డదో పాలపీక.

దుంగల లారీ వస్తోందని
ముందు వీపుకి తెలుస్తుంది.
తోసి, లాగి, వదిలేసి పోతుంది
అప్పుడే కోసిన చెట్ల వాసన
నోటినిండా కుక్కి.

సొరంగం ముందొక మీట.
నొక్కితే పసుప్పచ్చ దీపాలు ఆరి వెలుగుతాయి,
లోపల సైకిలుందని.
యాభై నాలుగేళ్లలో
నేనొస్తున్నానని ముందే చెప్పిపెట్టింది
ఇదొక్కటే.
ఇంకోసారి నొక్కాను, ఊరికే.

రాత్రి ఫ్లోరెన్స్‌లో
పక్క గుడారం వెండెల్
గిన్నె తోముకుంటూ అడిగాడు,
సముద్రం ఎలా ఉందని.

పెదవి తడిమి చూసుకుని
ఉప్పగా ఉందన్నాను.